ఎవరూ ఏ రకమైన మార్పూ చేయరాదు

ఆ కేసు లాయరమ్మ పెళ్లికంటే మూడు నెలలు పెద్దది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆమె భర్త, లెక్కల మేష్టారు, ఈ సంగతి చెబుతాడు. "మా ఆవిడ ముందు కొండకి మాటిచ్చింది, మిగిలింది నాకిచ్చింది" అంటాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. మొదటి నాలుగైదేళ్లూ లాయరమ్మ కూడా నవ్వింది.

కోర్టులో తోటి లాయర్లు ఆమెకు కొండమ్మ అని పేరు పెట్టారు. కొండ కింద ఖనిజం ఉందని ఒక కంపెనీ తవ్వకాలకు అనుమతి తెచ్చుకుంది. ఆ కొండ వాలులో మూడు వందల గడపల ఆదివాసులున్నారు. పటాలూ, సర్వేరాళ్లూ, ఆఫీసులూ పుట్టకముందు నుంచీ ఉన్నారు. వాళ్లనెవరూ ఒక్క మాట అడగలేదు. అడగకుండా వాళ్ల నేల ముట్టుకోకూడదని రాజ్యాంగంలో ఉంది. అప్పటికి ముప్పై రెండేళ్ల లాయరమ్మ ఆ ఒక్క ముక్క పట్టుకుని పెద్ద కోర్టుకెళ్లి, మొదటి రోజే స్టే తెచ్చింది. యంత్రాలు కొండ మొదట్లోనే ఆగిపోయాయి. ఆ మర్నాడు పేపర్లో ఆమె ఫొటో పడింది.

అది జరిగి పదకొండేళ్లు. జడ్జీలు మారారు, కోర్టు హాలు రంగు మారింది, ఆమె కళ్లద్దాలు మూడుసార్లు మారాయి. కేసు గెలవలేదు, ఓడలేదు. స్టే మాత్రం చెక్కుచెదరలేదు. అందులో అసలు వాక్యం ఏమిటని నిద్రలో లేపి అడిగినా లాయరమ్మ అప్పజెబుతుంది: "తదుపరి ఉత్తర్వులు వెలువడేదాకా సదరు కొండప్రాంతంలో ఎవరూ ఏ రకమైన మార్పూ చేయరాదు."

ఎవరూ అంటే ఎవరూ. కొండమీద ఉన్నవాళ్లు కూడా.

మొదటి ఏడాది ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. రెండో ఏడాది కొండమీది నుంచి ఉత్తరం వచ్చింది. బడి కప్పు కారుతోంది, రేకులు మార్చబోతే భూముల ఆఫీసరు వచ్చి ఆపేశాడు, ఏం చెయ్యమంటారు అని. లాయరమ్మ ఆర్డరు తీసి చూసుకుంది. ఆఫీసరు చెప్పింది నిజమే. "కొంచెం ఆగండి, వచ్చే వాయిదాలో అడుగుదాం" అని రాసింది. తర్వాత ఊటనీళ్ల తొట్టి పగిలింది. ఆగండి అంది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇంటికి ఒక గది కలుపుకుంటామన్నారు. ఆగండి అంది. ఆ ఉత్తరాలన్నీ వేరే అట్టపెట్టెలో పెట్టేది. పెట్టె నిండితే ఇంకో పెట్టె.

ఏ వాయిదాలోనూ ఆమె అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. మావాళ్లకోసం ఆర్డరు కాస్త సడలించండి అంటే, మాకూ సడలించండి అని అవతలివాళ్లు లేస్తారు. గాలి కోసం తలుపు వేలెడంత తీస్తే చాలు, భుజం పెట్టి తోసుకొచ్చేస్తారు. అందుకని తలుపు అలాగే మూసి ఉంచింది. లోపల ఎవరున్నారో ఆమెకు తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది. అది మేష్టారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం కోర్టు ఆలోచించి రాసిందీ కాదు, కంపెనీ కోరిందీ కాదు. పిటిషన్ చివర, కోర్టుని ఏం కోరుతున్నామో చెప్పే "ప్రార్థన" అన్న చోట ఆమే రాసింది. కంపెనీ వేరే పేరుతో రాకుండా, ప్రభుత్వం వేరే శాఖతో రాకుండా, ఏ సందూ మిగలకుండా, ఎవరూ, ఏ రకమైన అని కట్టుదిట్టంగా రాసి, రాసినంతసేపూ మురిసిపోయింది. జడ్జిగారు ఆ ముక్క ఉన్నదున్నట్టు ఆర్డర్లో దించేశారు.

కిందటి వానాకాలం కొండవాగు పొంగి పాత కాలివంతెన కొట్టుకుపోయింది. ఆ వాగు దాటితే తప్ప రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు. వంతెన పోయిన పదో రోజున నొప్పులొస్తున్న ఒక మనిషిని మంచంమీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గుతాయేమోనని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒడ్డున కూర్చున్నారు. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు. ఈసారి కొండమీది నుంచి ఉత్తరం రాలేదు. వేసవి రాగానే వాళ్లే తొమ్మిది రోజుల్లో పాత చోటికి కాస్త ఎగువన, రెండు బండల మధ్య, దుంగలూ ఇనుపతీగా వేసి కొత్త వంతెన కట్టుకున్నారు.

లాయరమ్మకు ఆ కబురు కంపెనీ వేసిన పిటిషన్ ద్వారా తెలిసింది. స్టే తెచ్చుకున్నవాళ్లే స్టే ఉల్లంఘించారు కాబట్టి వాళ్లను కోర్టు ధిక్కారం కింద శిక్షించాలనీ, అలాంటివాళ్ల కోసం స్టే కొనసాగించనక్కర్లేదనీ అందులో ఉంది. వెనకాల పద్నాలుగు రంగు ఫొటోలు. ఒక ఫొటోలో ముసలావిడ ఒకతె వంతెనమీద నిలబడి నేరుగా కెమెరా వైపు చూస్తోంది. దాచుకోవాలన్న ఆలోచనే ఆవిడకు ఉన్నట్టు లేదు. లాయరమ్మ వేసిన అసలు పిటిషన్లో మొదటి పేరూ, ధిక్కార కేసులో మొదటి ముద్దాయీ ఆవిడే. కొండంతా పెద్దమ్మ అంటారు.

*

వాయిదాకి ముందురోజు సాయంత్రం పెద్దమ్మ గుడ్డసంచీతో బస్సు దిగింది. లాయరమ్మ వాళ్లుండేది నాలుగో అంతస్తు. మెట్లెక్కడం ఆవిడకు ఒక లెక్క కాదు. లోపలికొచ్చి కిటికీలకీ బాల్కనీకీ బిగించిన ఇనుప ఊచల్ని కాసేపు చూసి, "మీమీద కూడా స్టే ఉందేంటి లాయరమ్మా?" అంది.

మేష్టారు పగలబడి నవ్వాడు. పదేళ్ల కూతురు ఆవిడ పక్కన చేరి, కొండమీద పాములుంటాయా, మీకు భయం లేదా అని వరసగా అడిగింది. పెద్దమ్మ ఒక్కోదానికీ ఓపిగ్గా చెప్పింది. "పాముకి మనమంటే భయం. మమ్మల్ని చూసి భయపడనిది కంపెనీ జీపు ఒక్కటే."

భోజనాలయ్యాక పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ అడిగింది. "ఒకటి చెప్పు తల్లీ. వాళ్లు తవ్వకూడదని కేసేశాం. మేం దుంగ వెయ్యకూడదని అందులోకి ఎలా వచ్చింది? ఆ మాట పెట్టింది ఎవరు? కంపెనీవాళ్లా, జడ్జిగారా?"

లాయరమ్మ కంచాలు దొంతర పెడుతోంది. చేతులాగలేదు.

"కోర్టు ఆర్డరు అలా వచ్చింది పెద్దమ్మా" అంది.

మేష్టారు ఆమె వైపు చూశాడు. పెద్దమ్మ తలాడించి, "కోర్టువాళ్లకి వాగు ఎక్కడుందో ఏం తెలుసులే పాపం" అంది.

ఆ పాపం అన్న మాట లాయరమ్మకు ఎక్కడో దిగబడిపోయింది. గిన్నెలు కడుగుతుంటే మేష్టారు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"చెప్పేస్తే పోయేది కదా."

"రేపు కోర్టులో నా మాటమీద నమ్మకంతో నిలబడాలి ఆవిడ. ఇవాళ చెప్పి ఆ నమ్మకం తీసేయమంటావా?"

"ఆవిడ నమ్మకం కోసమా, నీ మొహం కోసమా?"

పదకొండేళ్ల కాపురంలో మేష్టారు ఇంత సూటిగా అడిగింది తక్కువ. ఆమె కుళాయి ఇంకాస్త తిప్పింది, నీళ్ల చప్పుడు పెరిగింది.

*

కోర్టు హాల్లో ఒక ఫ్యాను తిరుగుతుంది, ఒకటి ఊగుతుంది. బల్లలన్నీ నేలకి మేకులేసి బిగించి ఉంటాయి, ఎవరూ అటూ ఇటూ జరపకుండా. లాయరమ్మ పక్కన ఆమెతో ఆఫీసు గది పంచుకునే లాయరు కూర్చున్నాడు. అరవై దాటినవాడు, అద్దె తగాదాలు చూస్తాడు, కుడి చెవి సరిగా వినపడదు. ఎలాంటి జడ్జి దగ్గరైనా వాయిదా పుట్టించగలడని వాయిదాల మామయ్య అంటారు. కొండ కేసులో ఆయనకేం పని లేదు, అయినా ప్రతిసారీ వచ్చి కూర్చుంటాడు. "ఇవాళ లాభం లేదనిపిస్తే నా మోచెయ్యి గిల్లు అమ్మడూ, నాకు ఒంట్లో బాగాలేదంటాను" అన్నాడు. పెద్దమ్మ వెనక వరసలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కంపెనీ తరఫున సీనియర్ లాయరు లేచాడు. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. లాయరమ్మ ఐదేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. కోర్టులో ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. ఆయన ఫొటోలు పైకి అందించి, "మై లార్డ్స్, వంతెన అవసరమైనదే కావచ్చు. నేను కాదనను. కానీ ఎవరూ అన్న మాట కంపెనీకి ఒక అర్థం, వాళ్లకి ఒక అర్థం ఇవ్వదు కదా. పదకొండేళ్లుగా మా క్లయింటు ఒక్క గడ్డపార వెయ్యలేదు. ఆ ఆర్డరు కోరుకున్నవాళ్లే దాన్ని తొక్కేశారు" అన్నాడు.

లాయరమ్మ లేచి పోయిన బిడ్డ సంగతి చెప్పింది. ఆసుపత్రి ఎంత దూరమో చెప్పింది. ఇద్దరు జడ్జీల్లో పెద్దాయన శ్రద్ధగానే విన్నాడు.

"బాధాకరమే. అయితే ఆర్డరు సడలించమని మీరు అడగొచ్చుగా. పదకొండేళ్లలో ఒక్క దరఖాస్తయినా పెట్టారా?"

"లేదు మై లార్డ్."

"ఎందుకని?"

ఆమె ఫైలు తిరగేసింది. పెద్ద జడ్జి పక్కాయనతో మంతనాలాడి, అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "రెండు దార్లున్నాయి. వారంలోగా మీవాళ్లే వంతెన తీసేస్తే స్టే ఉంటుంది, ధిక్కారం వదిలేస్తాం. లేదూ, వంతెన ఉంచుతామంటే స్టే ఉండాలా వద్దా అన్నది ఇవాళే వింటాం. మీ క్లయింటుని కనుక్కుని భోజన విరామం తర్వాత చెప్పండి."

వారంలో వంతెన తీసేస్తే నెలలో వానలు. స్టే పోతే మర్నాడే యంత్రాలు. లాయరమ్మ కాగితాలు సర్దుకుంటుంటే ఒకటి జారి బల్ల కింద పడింది. వంగి తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

*

వరండాలో సీనియర్ ఎదురొచ్చాడు.

"ఏం అమ్మాయ్, బాగా చిక్కిపోయావు. పిల్ల ఎలా ఉంది?"

"బాగుంది సార్."

ఆయన వెళ్లబోయి ఆగాడు. "ప్రార్థన రాసేటప్పుడు చేతులు బార్లా చాచి అడగమని నేనే నేర్పాను నీకు. అంత చాచకూడదు. ఆ వాక్యం నేను మొదటి రోజే చూశాను."

"చూసీ అప్పుడేం అనలేదా?"

"అభ్యంతరం చెబితే జడ్జిగారు సరిదిద్దేవారు. ఎందుకు చెబుతాను?" ఆయన గొంతులో వెటకారం లేదు, పాఠం చెబుతున్నట్టే ఉంది. "ఇల్లన్నాక కప్పు కారుతుంది, మనుషులన్నాక పిల్లలు పుడతారు. ఎప్పటికో అప్పటికి వాళ్లే ఏదో ఒకటి కదిలిస్తారని తెలుసు. నేను చేసిందల్లా ఆగడమే."

లాయరమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పదకొండేళ్లు ఆమె ఈయన నుంచి కొండని కాపలా కాశాననుకుంది. తాళం ఆమె చేత్తోనే వేయించి, బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఈయన.

పెద్దమ్మ మెట్లమీద కూర్చుని సంచీలోంచి తెచ్చుకున్నదేదో తింటోంది. లాయరమ్మ నల్లకోటుతోనే పక్క మెట్టుమీద కూలబడింది. జడ్జి చెప్పిన రెండు దార్లూ వివరంగా చెప్పింది. పెద్దమ్మ నములుతూ వింది.

"ఇంకోటి ఉంది పెద్దమ్మా. నిన్న నువ్వు అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను. ఆ మాట పెట్టింది కంపెనీ కాదు, జడ్జిగారూ కాదు. నేను."

పెద్దమ్మ నమలడం ఆపింది.

"ఏదీ, చదువు."

లాయరమ్మకు కాగితం తీయక్కర్లేదు. చెప్పింది.

"ఎవరూ అంటే మేం కూడానా?"

"అవును."

"అది రాసేటప్పుడు మేం గుర్తు లేమా?"

"ఉన్నారు. మీ కోసమే రాశాను. కొండ కదలకూడదన్నదే నా కళ్లముందుంది. మీరు రోజూ బతకాలి కదా, కప్పులు నేయాలి, వాగు దాటాలి... అది తట్టలేదు. తట్టేసరికి చెప్పడానికి సిగ్గేసింది. అడిగితే స్టే పోతుందేమోనని భయమేసింది. రెండూ కలిసి ఇన్నేళ్లు లాక్కొచ్చాయి."

మెట్లమీద జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. పెద్దమ్మ చేతిలో మిగిలిన ముద్దని మళ్లీ గుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది.

"బడి కప్పు అప్పుడు ఆగమన్నావు."

"అన్నాను."

"తొట్టి పగిలినప్పుడూ ఆగమన్నావు. ఆగాం. పైనుంచి కోర్టు కట్టేసింది, లాయరమ్మ మాత్రం ఏం చేస్తుంది అని మావాళ్లకి నేనే సర్దిచెప్పేదాన్ని. పెళ్లయినవాళ్లు గది లేక పట్నం వెళ్లిపోతుంటే కూడా నేనే నచ్చజెప్పాను. నీమీద మాట పడనిచ్చేదాన్ని కాదు." ఆవిడ గొంతు పెరగలేదు. అరిచి ఉంటే లాయరమ్మకు తేలికగా ఉండేది.

"ఇప్పుడేం చెయ్యమంటావో నువ్వే చెప్పు పెద్దమ్మా. నువ్వు ఏదంటే అదే చెబుతాను లోపల."

"వంతెన తియ్యం" అంది పెద్దమ్మ. "అది తీసే చేతులు మా దగ్గర లేవు. కొండా ఇవ్వం. ఈ రెండూ ఎలా కుదురుతాయో అది నీ చదువు."

"కుదరదంటారు వాళ్లు."

"నువ్వు రాసిందేగా? నువ్వే పొరపాటని చెప్పు. రాసిన మనిషి చెబితే వినరా?"

అది పదకొండేళ్లుగా లాయరమ్మ బుర్రలో లేని మాట కాదు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. తన తప్పుకి తానే సాక్షి అయిన లాయరు ఆ కేసు వాదించడానికి వీల్లేదు. సాక్షి బోనులో ఒక కాలు, లాయర్ల బల్ల దగ్గర ఒక కాలు కుదరదు. ఆమె లేచి కోటు దులుపుకుంది. చెమటకి అది వీపుకి అంటుకుపోయి ఉంది.

*

విరామం తర్వాత హాలు నిండిపోయింది. లాయరమ్మ లేచి, "మై లార్డ్స్, ఏ దారి అన్నది చెప్పేముందు ఒక విషయం చెప్పాలి. ఆర్డర్లో ఉన్న ఆ వాక్యం నా పిటిషన్లోది. నా చేత్తో రాసింది. తవ్వకాలు ఆపడానికి రాసింది, అక్కడ బతికేవాళ్లని ఆపడానికి కాదు. నేను రాసిన తీరు తప్పు. అది తెలిసీ దిద్దమని అడగకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఉత్తరాలు రెండు పెట్టెలున్నాయి నా దగ్గర" అంది.

సీనియర్ వెంటనే లేచాడు. "ఇది వాదన కాదు మై లార్డ్స్, సాక్ష్యం."

"అవును, సాక్ష్యమే" అన్నాడు పెద్ద జడ్జి. ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "అఫిడవిట్ ఇస్తారా? ఇస్తే ఇంక ఈ కేసులో మీరు లాయరుగా నిలబడలేరు. ఇవాళ కాదు, ఎప్పుడూ. ఆలోచించుకున్నారా?"

"ఇస్తాను మై లార్డ్."

"మరి మీ క్లయింట్ల తరఫున ఎవరు?"

ఈ కేసుకి ఇంకో లాయరు కావాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. అంతలో పక్కన బల్ల కిర్రుమంది. వాయిదాల మామయ్య రెండు చేతులూ ఆనించి లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో సగమే వినిపించి ఉంటుంది, ఆ సగం చాలినట్టుంది.

"వకాల్తా నేను దాఖలు చేస్తాను మై లార్డ్. ఇది ఇంత లావు ఫైలు, నేను అద్దె కేసులవాణ్ణి. చదువుకోవడానికి ఆరువారాలు ఇప్పించాలి. అందాకా వంతెనా ఉండాలి, స్టే కూడా ఉండాలి. ఏది పోయినా నేను చదివి ప్రయోజనం లేదు."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. జడ్జీలిద్దరూ తలలు దగ్గరపెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆరువారాలు ఇచ్చారు. వాక్యం దిద్దాలా వద్దా అన్నది అప్పుడు వింటామన్నారు. ధిక్కారం సంగతి మాత్రం ఇప్పుడే తేలుస్తామని పెద్దమ్మని ముందుకు పిలిచారు.

"ఆర్డరు ఉందని తెలియక కట్టారా?" అని అడిగాడు పెద్ద జడ్జి.

"తెలియదని చెప్పమ్మా" అని మామయ్య గుసగుసగా అన్నాననుకున్నాడు. ఆయన చెవికి గుసగుస, హాలంతటికీ వినపడింది.

"తెలుసయ్యా" అంది పెద్దమ్మ. "తెలిసే కట్టాం. ముందు బిడ్డప్పుడు తెలిసే ఆగాం. రెండో బిడ్డ కడుపులో ఉంది ఇంకొకామెకి. మళ్లీ ఆగలేక కట్టాం."

పెద్ద జడ్జి కలం అందుకున్నాడు. తెలిసి దాటానని ఎదురుగా నిలబడి చెప్పాక శిక్ష వెయ్యకుండా వదలలేనన్నాడు. కోర్టు లేచేదాకా ఈ హాల్లో నిర్బంధం అని చెప్పి తర్వాతి కేసు పిలిపించాడు.

"అంటే?" అని అడిగింది పెద్దమ్మ.

"జడ్జీలు లేచి వెళ్లేదాకా ఇక్కడ్నించి కదలకూడదు" అన్నాడు మామయ్య.

"నిలబడాలా, కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు."

పెద్దమ్మ వెళ్లి తన చోట్లో కూర్చుంది. లాయరమ్మకు ముందు బల్ల దగ్గర ఇంక చోటు లేదు. కాగితాల కట్టలన్నీ మామయ్య వైపు జరిపి, వెనక్కి నడిచి పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఆమెను ఎవరూ నిర్బంధించలేదు. లేచి ఇంటికెళ్లిపోవచ్చు.

ఆ మధ్యాహ్నం వాళ్ల కళ్లముందు ఇరవై కేసులు నడిచాయి. పింఛను రాని టీచరు, గోడ తగాదా అన్నదమ్ములు, పేరు తప్పు పడిన సర్టిఫికెట్టు. లాయరు తడబడినప్పుడల్లా లాయరమ్మ పెదాలు వాటంతటవే కదిలేవి. పెద్దమ్మ ఆమెతో మాట్లాడలేదు. గంట గడిచాక మాత్రం ముందుకు చూస్తూనే అంది. "నీమీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు."

"పోవద్దులే."

"మావాళ్లకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా. నిజం చెబితే నిన్ను తిడతారు."

"నిజమే చెప్పు పెద్దమ్మా."

"చెబుతా. తిట్టనీ."

జడ్జీలు లేచారు, అందరూ లేచారు. పెద్దమ్మ మాత్రం బంట్రోతు వచ్చి ఇంక వెళ్లొచ్చమ్మా అని చెప్పేదాకా కూర్చునే ఉంది.

*

ఆరువారాల తర్వాతి విచారణకు లాయరమ్మ సాక్షిగా వెళ్లింది. తన అఫిడవిట్ మీద సీనియర్ అడిగినవాటికి జవాబులు చెప్పి, బయట వరండాలో కూర్చుంది. లోపల మామయ్య ఎక్కడ తప్పుతున్నాడో తలుపు సందులోంచి వినపడుతూనే ఉంది. చెప్పడానికి ఆమెకు హక్కు లేదు. అయినా ఆయన నిలబడ్డాడు. ఉత్తరాలు ఒక్కోటీ తీసి, బడి కప్పు నుంచి వాగు దాకా, తేదీలతో సహా చదివాడు. వెనక్కి జరగలేదు, వాయిదా అడగలేదు.

కొత్త ఆర్డరు సాయంత్రానికి చేతికొచ్చింది. తవ్వకాలమీద స్టే అలాగే ఉంది. కొండవాసులు తమ బతుకుతెరువుకి కావలసిన మరమ్మతులూ కట్టడాలూ, ముందుగా తెలియజేసి, చేసుకోవచ్చు. ఆ కింద ఇంకో పేరా ఉంది. ఇరుపక్షాలకూ సమానంగా సడలించాలన్న సీనియర్ వాదన సబబుగా ఉన్నందున, కంపెనీ మనుషులు కూడా కాలినడకన, పనిముట్లు లేకుండా, పరిశీలనకోసం కొండమీదికి వెళ్లవచ్చు.

మామయ్య సంతోషంతో ఆమె చేతులు పట్టుకుని ఊపాడు. "వంతెన నిలబెట్టాం అమ్మడూ!" ఆమె నవ్వింది. రెండో పేరా ఇంకోసారి చదువుకుంది.

పదిహేను రోజులకి ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న లాయరమ్మ తడిచేత్తోనే ఎత్తింది.

"వచ్చారు" అంది పెద్దమ్మ. "నలుగురు. వంతెన మీంచే నడిచొచ్చారు. చాలా గట్టిగా కట్టారే అని మెచ్చుకున్నారు కూడా. ఊటబావి దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నారు."

"ఎవరి చేతుల్లోనైనా పనిముట్లున్నాయా?"

"లేవు. పుస్తకాలే."

"అయితే ఆపడానికి లేదు." ఆమెకు తర్వాతి నాలుగు ప్రశ్నలు, రెండు దరఖాస్తులు, ఒక నోటీసు నాలుకమీదికొచ్చి ఆగిపోయాయి. "నేనిప్పుడు మీ లాయర్ని కాను పెద్దమ్మా. ఇది మామయ్యగారికి చెప్పాలి."

"తెలుసులే. ఆయనకి చేశా, వినపడట్లేదు ఆయనకి, బిగ్గరగా అరిచి పెట్టేశా. మళ్లీ చేస్తా." అవతల కాసేపు గాలి చప్పుడు. "కింద ఇళ్ల పిల్లకి మగపిల్లాడు. నాలుగు రోజులైంది. మంచంమీద వంతెన దాటించాం, అడ్డం లేకుండా వెళ్లిపోయింది ఆసుపత్రికి."

"ఇద్దరూ బాగున్నారా?"

"బాగున్నారు. ఆ నలుగురూ లేచారు, ఇప్పుడు పైకి పోతున్నారు. నేనూ వెంట నడుస్తా. ఎటు చూస్తారో చూడాలిగా."

ఫోన్ పెట్టేసింది. లాయరమ్మ మిగిలిన బట్టలు దండెంమీద వేసింది. అన్నీ అయిపోయాక కూడా బకెట్ పట్టుకుని అక్కడే నిలబడింది. మేష్టారు లోపల్నించి, ఎవరు ఫోను, అని రెండుసార్లు అడిగాడు.